పద్నాలుగో ప్రశ్న

రేణిగుంటలో విమానాశ్రయం రోడ్డుకు ఆనుకొని ఉన్న కాలనీలో జయంతి వాళ్ళ ఇల్లు. పొద్దున మొదటి విమానం ఇంటి మీదుగా దిగే చప్పుడు వినబడగానే స్టవ్ మీద పెనం పెట్టడం ఆమెకు అలవాటు. ఆ రోజు కూడా పెనం పెట్టి, అది వేడెక్కేలోపు దోసెల్లోకి నూరిన శెనక్కాయల ఊరిబిండి రోట్లోంచి గిన్నెలోకి తీసింది.

హాల్లో కూతురు భానుప్రియ నేల మీద బాసిపట్టు వేసుకొని కూర్చుని ఏవో కాగితాలు నింపుతోంది. వచ్చే బుధవారం బెంగుళూరులో ఆమెకు క్లాస్ వన్ మెడికల్. పైలట్ కావాలంటే అందులో ఫిట్ అని రావాలి. రాకపోతే మిగతావన్నీ ఉన్నా లేనట్టే.

మిగతావన్నీ భాను సొంతంగా సంపాదించుకుంది. డిగ్రీ కాగానే ఇంటి పక్కనున్న విమానాశ్రయంలోనే బోర్డింగ్ పాసులిచ్చే కౌంటర్లో చేరింది. చేరిన మూడో నెలలో ఒకరోజు ఇంటికొచ్చి, ఈ రోజు విమానం నడుపుకొచ్చింది నా ఈడు పిల్ల అమ్మా, అంది. అంతే, అప్పట్నుంచి అదే ధ్యాస. ఏదైనా విమాన సంస్థ నేరుగా తీసుకునే క్యాడెట్ శిక్షణకు పోవడమా, ముందు పరీక్షలు రాసుకొని ఫ్లయింగ్ స్కూల్లో చేరడమా అని నెలల తరబడి తేల్చుకోలేక, కనబడిన ప్రతి పైలట్‌నూ అడిగి, చివరికి రెండో దారే పట్టుకుంది. పగలు కౌంటర్లో నిలబడుతూనే నావిగేషన్, వాతావరణం, విమాన నిబంధనల పేపర్లు ఒక్కొక్కటే పాసైంది. దీనికంటే ముందు చెన్నైలో చేసే క్లాస్ టూ మెడికల్ రెండేళ్ళ కిందటే అయిపోయింది. మహారాష్ట్రలో ఫ్లయింగ్ స్కూల్లో సీటొచ్చింది. పోయిన నెల ఉద్యోగం మానేసింది.

"అమ్మా, ఒకటడుగుతా చెప్పు," అని హాల్లోంచి కేకేసింది భాను. "చిన్నప్పుడు నాకేమన్నా పెద్ద జబ్బు చేసిందా?"

"ఏంటికి?"

"ఫారంలో అడుగుతా ఉండారు. పోయినసారి అన్నిటికీ నో అని పెట్టేసినాను. మా సీనియర్ ఒకామె తిట్టింది. ఇంట్లో అడిగి రాయాలంట. లైసెన్సొచ్చినాక ఏదన్నా బయటపడితే పీకేస్తారంట. చదువుతా, చెప్పు. గుండె జబ్బు?"

"లేదు."

"ఉబ్బసం?"

"లేదు."

"చెవిలో చీము?"

"ఒకసారి వచ్చింది. రెండో క్లాసులో. చుక్కలేస్తే పోయింది."

"అబ్బా, అది కూడా గుర్తుండాదే నీకు!" భాను నవ్వింది. "పద్నాలుగు. ఫిట్స్, మూర్ఛ, స్పృహ తప్పడం?"

"లేదు," అంది జయంతి.

గొంతు తడబడలేదు. గరిటె చేతిలోంచి జారలేదు. ఉబ్బసం లేదన్నంత మామూలుగా వచ్చింది ఆ మాట. అంత తేలిగ్గా ఎలా వచ్చిందా అని తనకే భయం వేసి వెనక్కి తిరిగి చూసింది. గుమ్మంలో భర్త నిలబడి ఉన్నాడు.

మునిశేఖర్ రైల్వేలో లోకో పైలట్. గుంతకల్లు నుంచి గూడ్సు తీసుకొచ్చి, డ్యూటీ దిగి అప్పుడే వచ్చాడు. ఒక కాలి బూటు విప్పి చేతిలో పట్టుకున్నాడు. రెండోది విప్పడం మరచిపోయినట్టున్నాడు.

"నాయనా, వచ్చినావా? అమ్మను కాఫీ పెట్టమంటా, ఉండు," అంది భాను ఒకసారి తలెత్తి చూసి. పదిహేనో ప్రశ్న దగ్గర టిక్కు పెట్టింది.

*

పెరట్లో బట్టలు ఉతికే బండ దగ్గర నిలదీశాడు మునిశేఖర్, గొంతు తగ్గించి.

"పాప అడిగింది విన్నాను. నువ్వు చెప్పిందీ విన్నాను."

"విన్నావు కదా. ఇంక గమ్మునుండు."

"అది బడిలో ఇచ్చే ఫారం కాదు జయంతీ. నేను ఇంజనెక్కే ముందు దినామూ తాగలేదని మిషన్లో ఊది, ఒళ్ళు బాగుండాదని సంతకం పెట్టి ఎక్కుతా. ఏంటికి? నాకు కన్ను మూతపడితే ఎదురొచ్చే బండిలో ఉండేవాళ్ళంతా పోతారు. అదీ అట్నే కదా?"

"పదిహేడేళ్ళయింది. మళ్ళా ఒక్కసారన్నా వచ్చిందా దానికి? ఒక్కసారన్నా కండ్లు తిరిగినాయన్నదా?" జయంతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నీకంత ధర్మముంటే పో. ఇప్పుడే పో. రెండేళ్ళు రాత్రింబగళ్ళు చదివి, ఉద్యోగం కూడా వదులుకొని కూర్చోనుండాది. దాని ముందర నిలబడి చెప్పు, నీకు చిన్నప్పుడు అదొచ్చేది పాపా అని. నేను అడ్డం రాను. పో."

మునిశేఖర్ రెండో బూటు కూడా విప్పాడు. తర్వాత తువ్వాలు తీసుకొని స్నానాల గదిలోకి పోయాడు. స్నానం చేసి, దోసెలు తిని, ముసుగు పెట్టుకొని పడుకున్నాడు. కూతురికి ఏమీ చెప్పలేదు. మరుసటి రోజూ చెప్పలేదు.

జయంతి ఎందుకు దాచిందో ఆయనకు తెలుసు. ఆమె చెల్లెలు జ్ఞానాంబకు పన్నెండో ఏట నుంచి ఫిట్సు. ఎవరికీ చెప్పకుండా ఇరవయ్యో ఏట పెళ్ళి చేశారు. నాలుగో రోజు అత్తవారింట్లో, వడ్డిస్తూ వడ్డిస్తూ పడిపోయింది. ఆ సాయంత్రమే జీపులో తెచ్చి పాకాలలో పుట్టింటి ముందు దింపి, రోగిష్టి పిల్లను అంటగట్టారని వీధి వీధంతా వినేలా అరిచి వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి ఆ ఊళ్ళో జ్ఞానాంబకు పేరు పోయింది. అందరికీ ఆమె 'ఆ పిల్ల' అయింది. పెళ్ళిళ్ళకు పిలవడం మానేశారు, పీటల ముందు పడిపోతుందేమోనని. భాను వోణీల ఫంక్షన్‌కు జయంతి కూడా పిలవలేదు. ఇప్పుడు నలభై ఆరేళ్ళు. అమ్మానాన్నలు పోయిన ఇంట్లో ఒక్కతే రవికెలు కుట్టుకుంటూ ఉంటుంది.

భానుకు ఐదో ఏట ఒకసారి, ఆరో ఏట రెండుసార్లు అలాగే వచ్చింది. జ్వరం లేదు, దెబ్బ తగల్లేదు. ఆడుకుంటున్న పిల్ల అలాగే పక్కకు ఒరిగిపోయింది. మొదటిసారి ఆ చిన్న చేతులు కొట్టుకుంటుంటే జయంతికి కనిపించింది కూతురు కాదు, జీపులోంచి దిగుతున్న చెల్లెలు. మునిశేఖర్ డ్యూటీలో ఉన్నప్పుడు అమ్మను తోడు తీసుకొని, కాట్పాడి బండెక్కి వేలూరు పోయి చూపించుకొచ్చింది. చుట్టాలకు అమ్మ కళ్ళజోడు కోసమని చెప్పింది. మూడేళ్ళు మాత్రలు మింగించింది. బలానికని కూతురికి చెప్పింది. తర్వాత రాలేదు. రాలేదు కాబట్టి అసలు జరగనే లేదని తనకు తాను చెప్పుకుంది. చెప్పుకొని చెప్పుకొని చివరికి అదే నిజమైపోయింది.

*

ఆదివారం నాడు భాను పాకాలకు బయలుదేరింది. "చిన్నమ్మకు చెప్పకుండా ఎట్లా పోయేది? మెడికల్ కాగానే నేరుగా ఆడనుంచే మహారాష్ట్రకు పోవాల్సొస్తే?" అంది. జయంతి ఒంటరిగా పంపలేదు. తనూ వెంట వెళ్ళింది. చెల్లెలు నోరు జారకుండా చూసుకోవచ్చనుకుంది.

వాళ్ళను చూసి జ్ఞానాంబ కుట్టుమిషను మీది గుడ్డ అలాగే వదిలేసి లేచింది. భాను గడ్డం పట్టుకొని మొహమంతా చూసింది. లోపలికి పోయి సద్దు చేస్తూ డబ్బాలన్నీ వెదికి, బెల్లంతో చేసిన నిప్పట్లు తెచ్చి ఒళ్ళో పెట్టింది.

"ఎంత ఎత్తులో పోతాది పాపా?"

"ముప్పై అయిదు వేల అడుగులు చిన్నమ్మా. మొదట్లో చిన్న విమానాలే. ఇద్దరు పట్టేవి."

"నాకు మిద్దె మెట్లెక్కాలన్నా భయమే. ఒక్కదాన్నే ఎక్కొద్దని మా అమ్మ చెప్పేది." జ్ఞానాంబ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "నువ్వు చూడు. డాక్టర్లంతా చూసి ఒకసారి పాసు చేసినారంటే నీకు పూర్తిగా నయమైపోయినట్టే కదా. నా జబ్బు నీకొచ్చిందని తెలిసిన రోజు ఎంత ఏడ్చినానో తెలుసునా? నా వల్లే అనుకున్నాను. వేలూరు మాత్రలు నాకు పని చెయ్యలేదు కానీ నీకు చేసినాయి తల్లీ."

"జ్ఞానా, నీళ్ళు తీసుకురా," అంది జయంతి గట్టిగా.

భాను చేతిలోని నిప్పటి అలాగే ఉంది. "ఏ మాత్రలు చిన్నమ్మా?"

"అదే, తెల్లవి. సగానికి తుంచి..." జ్ఞానాంబ అక్క మొహం చూసింది. ఒక చెయ్యి నెమ్మదిగా నోటి మీదికి పోయింది.

"అవి బలానికి కదమ్మా?" అని తల్లి వైపు తిరిగింది భాను. చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది. అవునని తల్లి ఒక్క మాటంటే నమ్మడానికి ఇంకా సిద్ధంగానే ఉంది.

జయంతికి అవునని అనాలనిపించింది. నోరు కూడా తెరిచింది. ఈసారి మాత్రం మాట రాలేదు.

తిరుగు బండిలో భాను తల్లి పక్కన కూర్చోలేదు. నాలుగు వరసల అవతల కిటికీ దగ్గర సీటు చూసుకుంది. తిరుపతి వచ్చేదాకా ఆమె తల వెనక భాగమే కనిపించింది జయంతికి.

*

ఇంటికి వచ్చేసరికి మునిశేఖర్ టీవీ ముందున్నాడు. భాను టీవీ కట్టేసింది. చెప్పులు కూడా విప్పలేదు.

"ఎన్నిసార్లొచ్చింది నాకు?"

ఆయన భార్య వైపు చూశాడు. అడగక్కర లేకుండానే అర్థమైంది.

"మూడు," అన్నాడు.

"జ్వరం వచ్చినప్పుడా?"

"కాదు."

భాను కళ్ళు మూసుకుంది. ఆ ఒక్క మాటలో ఏముందో ఆ ఇంట్లో ఆమె ఒక్కదానికే పూర్తిగా తెలుసు. జ్వరంతో వచ్చే ఫిట్సుకు వెసులుబాటు ఉందని, జ్వరం లేకుండా వచ్చేవాటికి దాదాపు లేదని చదువుకున్న పిల్ల.

జయంతి ఆమె చెయ్యి పట్టుకుంది. "పాపా, నా మాట విను. వచ్చేదుంటే ఇన్నేళ్ళలో రాదా? ఎవురికీ తెలీదు. చిన్నమ్మ చచ్చినా చెప్పదు. పోయినసారి రాసినట్టే ఈసారీ నో అనే రాసినావు. నీ అంతట నువ్వు అబద్ధం చెప్పలేదు కదా, నాకేం తెలీదనుకో. అట్నే ఉండనీ."

"పోయినసారి తెలీదు. ఇప్పుడు తెలుసు కదమ్మా!" భాను చెయ్యి విడిపించుకుంది. "నా వెనకాల నూట ఎనభై మంది కూర్చోనుంటారు. పైన నాకు కొంచెం తల దిమ్మనిపిస్తే నేనేమనుకోవాల? నీళ్ళు తాగలేదనా, లేకపోతే అదొస్తా ఉండాదనా? ప్రతి దినమూ అట్నే భయపడతా నడపాల్నా?"

"అంటే రెండేళ్ళ కష్టం..."

"రెండేళ్ళు! రెండేళ్ళ కిందట నేను పుస్తకాలు కొన్న రోజు చెప్పొచ్చు కదా. ఉద్యోగం మానేస్తానన్న రోజు చెప్పొచ్చు కదా. ఆ రోజు నాకు పాయసం చేసి పెట్టినావమ్మా నువ్వు!" ఒక అడుగు వెనక్కి వేసింది. "నేను మెట్లెక్కతా ఉంటే కింద నిలబడి చప్పట్లు కొడతా ఉండినావు. పైన మెట్టు లేదని తెలిసి కూడా."

"నీ మంచికే పాపా. మీ చిన్నమ్మ బతుకు చూసినావు కదా. ఆ మాట ఒకసారి బయటికి పోతే ఆడపిల్లను ఈ ఊళ్ళు బతకనిస్తాయా?"

మునిశేఖర్ లేచాడు. "జయంతీ, పాప చెప్పేది నిజం. తప్పు మనదే."

భాను తండ్రి వైపు తిరిగింది. జయంతి మీద లేచిన కోపం కంటే ఇది వేరుగా ఉంది. చల్లగా ఉంది.

"గురువారం నేను చదివినప్పుడు నువ్వు గుమ్మంలోనే ఉండావు కదా నాయనా?"

"ఉండాను."

"బూటు చేతిలో పట్టుకొని నిలబడినావు. నేను చూసినాను. అలిసిపోయినావు అనుకున్నాను."

"మీ అమ్మ..."

"అమ్మ సంగతి వదిలెయ్. అమ్మకు భయం, దాచింది. నువ్వు దినామూ ఒళ్ళు బాగుండాదని సంతకం పెట్టి ఇంజనెక్కే మనిషివి. నా కాగితం దగ్గరికి వచ్చేసరికి పోయి ముసుగు తన్ని పడుకున్నావు."

మునిశేఖర్ మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో పై అధికారి ఎవరూ ఆయన్ను అంత మాట అనలేదు. తల దించుకొని తన అరచేతులు చూసుకున్నాడు.

భాను ఫారం తెచ్చి వాళ్ళ ముందే చింపింది. కొత్త ఫారం తీసుకొని మళ్ళీ మొదటి నుంచి నింపింది. పద్నాలుగో ప్రశ్న దగ్గర అవును అని టిక్కు పెట్టింది. దాని కింద వివరాలు రాయమని నాలుగు గీతలున్నాయి. పెన్ను పట్టుకొని ఆ గీతల మీద ఆగిపోయింది.

"ఏం రాయాల్నో కూడా నాకు తెలీదు," అంది. "నాకొచ్చిన జబ్బు గురించి ఈ ఇంట్లో నాకొక్కదానికే తెలీదు. బుధవారం నువ్వు నాతో రావాలమ్మా. డాక్టరు అడుగుతాడు. నువ్వే చెప్పాల."

*

బెంగుళూరుకు మునిశేఖర్ సెలవు పెట్టి వస్తానంటే భాను వద్దంది. తల్లీ కూతుళ్ళిద్దరే వెళ్ళారు. మెడికల్ సెంటర్ వరండాలో ఇరవై మంది దాకా పిల్లలున్నారు. అందరి చేతుల్లోనూ ఫైళ్ళు, అందరి మొహాల్లోనూ ఒకటే ఆశ. ఒక పిల్లాడు భానును చూసి, మీకు ఏ స్కూల్లో సీటొచ్చింది అని ఇంగ్లీషులో అడిగాడు. భాను చెప్పింది. మంచి స్కూలు, అదృష్టవంతులు అన్నాడు. థాంక్స్ అంది భాను.

డాక్టరు పెద్దాయన. అనంతపురం వైపు మనిషి కావడంతో తెలుగు వచ్చు. ఫారం చదివి, కళ్ళజోడు తీసి భాను వైపు, తర్వాత జయంతి వైపు చూశాడు.

"చెప్పండమ్మా."

జయంతి ఆ మాటను పదిహేడేళ్ళుగా ఎవరి ముందూ పలకలేదు. భర్తతో కూడా 'అది' అనే అంటుంది. ఇప్పుడు ఫ్యాను కింద, తెల్ల కోటు ముందు, కూతురు పక్కనే కూర్చొని వింటుండగా మొదలుపెట్టింది. మొదటిసారి వంటింటి గడప దగ్గర పడిపోయింది. నోట్లోంచి నురగ వచ్చింది. రెండోసారి బడిలో పడింది, టీచరు ఎండ దెబ్బ అనుకుంది. మూడోసారి నిద్రలో. పళ్ళ మధ్య నాలుక తెగి దిండంతా నెత్తురైంది. ఆ దిండును తెల్లవారకముందే కాల్చేసింది. వేలూరులో చూపించి మూడేళ్ళు మాత్రలు వేసింది.

పక్కన భాను తల్లి వైపు తిరిగి చూసింది. ఇవన్నీ ఆమె కూడా మొదటిసారి వింటోంది.

"వేలూరులో చూపించామన్నారు కదా. కాగితాలున్నాయా?" అడిగాడు డాక్టరు.

"చింపేసినాను సార్."

"పోనీ, ఆస్పత్రిలో పాత రికార్డులు తీయించుకోవచ్చు. చిన్నపిల్లల్లో వచ్చి పోయే రకాలు కొన్ని ఉంటాయి. అప్పటి పరీక్షల్లో అదే అని ఉంటే నేను పైకి రాస్తాను. ఒప్పుకుంటారని మాటివ్వలేను. కానీ రాస్తాను. ఏ సంవత్సరం? పాప పేరు ఇదే కదా, భానుప్రియ?"

జయంతి కొంగు వేలికి చుట్టుకుంది.

"అమ్మా," అంది భాను. "సార్ అడుగుతా ఉండారు."

"ఆ పేరు కాదు సార్."

"మరి?"

"అమల." జయంతి గొంతు వినీ వినబడకుండా ఉంది. "చీటీ రాసేవాళ్ళు బిడ్డ పేరేమంటే అమల అని చెప్పినాను. ఇంటి పేరు కూడా వేరేది చెప్పినాను. ఊరు మదనపల్లె అని రాయించినాను. రేపు ఎవురన్నా వెదికినా ఇది మా పాపే అని తెలీకూడదని."

డాక్టరు పెన్ను మూత పెట్టాడు. ఆయన మొహంలో కోపం లేదు. చాలా ఏళ్ళుగా ఇలాంటివి చూసి అలసిపోయిన జాలి ఉంది.

"రికార్డు ఎక్కడో ఉండొచ్చమ్మా. కానీ అది ఈ అమ్మాయిదని నేను ఎలా రుజువు చేసేది? అది లేకుండా మీరు చెప్పినదాన్ని బట్టి నేను రాయగలిగింది ఒక్కటే." తర్వాత భాను వైపు చూశాడు. "దాచిపెట్టి లోపలికి వచ్చేవాళ్ళను చూశాను. నువ్వు చెప్పావు. కానీ తల్లీ, నిజం చెప్పినందుకు నేను మార్కులు వెయ్యలేను."

అన్‌ఫిట్ అని రాసి సంతకం పెట్టాడు.

బయటికి వచ్చాక భాను గేటు దాకా మామూలుగానే నడిచింది. గేటు దాటాక ఒక గోడకు ఆనుకొని నిలబడిపోయింది. రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి. జయంతి ఆమె భుజం మీద చెయ్యి వెయ్యబోయింది.

"వద్దు," అంది భాను. ఏడవలేదు. "ఒక సందు ఉండింది. చిన్న సందు. దానికి కూడా అడ్డం గోడ కట్టి పెట్టినావు, నాకు ఆరేళ్ళున్నప్పుడే."

జయంతి రోడ్డు మీదే ఏడ్చింది. భాను ఆటో పిలిచి, తల్లిని ఎక్కించి, సంచీ ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది.

*

మరుసటి రోజు భాను బట్టలు సర్దుకొని పాకాలకు వెళ్ళిపోయింది. ఎన్నాళ్ళని చెప్పలేదు. మునిశేఖర్ ఫోన్ చేస్తే, "బాగుండాను నాయనా," అని పెట్టేసేది. జయంతి చేస్తే ఎత్తేది కాదు. ఆ ఇంట్లో భార్యాభర్తలు కూడా అవసరానికే మాట్లాడుకుంటున్నారు. కూతురి పుస్తకాలు బల్ల మీద ఉన్నట్టే ఉన్నాయి. జయంతి వాటి మీద దుమ్ము దులిపేది, చోటు మాత్రం మార్చేది కాదు.

పన్నెండు రోజులు ఓర్చుకుంది. పదమూడో రోజు బండెక్కింది. దారి పొడవునా ఒకటే అనుకుంది: నేను దాచి చెడగొట్టాను, ఇంక ఏదీ దాచను.

జ్ఞానాంబ ఇంటి వరండాలో పక్కింటి తిరుమలమ్మ రవిక కోసం వచ్చి కూర్చొని ఉంది. జయంతిని చూడగానే పలకరించింది. "ఏం జయంతమ్మా, పాప ఇన్ని దినాలు ఈడనే ఉండాదే? పైలట్ ట్రైనింగంటిరి కదా, పోలేదా?"

జయంతి మెట్ల మీదే నిలబడి చెప్పేసింది. "పోదు తిరుమలమ్మా. దానికి చిన్నప్పుడు ఫిట్సొచ్చేవి. మూడుసార్లొచ్చినాయి. నేనే దాచినాను. డాక్టర్లు కాదన్నారు." చెబుతుంటే కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఎన్నేళ్ళ బరువో దిగిపోతున్నట్టుంది. "అంతా నా వల్లే. నేనే దాని బతుకు చెడగొట్టినాను. ఎవురడిగినా ఇదే చెప్తా."

తిరుమలమ్మ నోరు తెరుచుకుంది. "అయ్యో, జ్ఞానాంబ మాదిరేనా?" అని, రవిక కూడా తీసుకోకుండా లేచి గబగబా వెళ్ళిపోయింది.

గుమ్మంలో భాను ఉంది. పన్నెండు రోజుల్లో మొహం పీక్కుపోయింది.

"ఎవురు చెప్పమన్నారు నీకు?" అంది.

"ఇంక దాచను పాపా. ఒట్టు. ఊరంతా తెలిసినా సరే..."

"ఎవురు చెప్పమన్నారని అడుగుతా ఉండా." భాను అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదనిపించింది జయంతికి. "దాచేటప్పుడు నన్ను అడగలేదు. సరే, అప్పుడు నేను చిన్నపిల్లను. ఇప్పుడు ఇరవై మూడేళ్ళు నాకు. ఇప్పుడూ అడగలేదు. నీకు భయమేస్తే మూసిపెడతావు. ఏడుపొస్తే వీధిలో పరుస్తావు. అది నాకొచ్చిన జబ్బమ్మా. నా ఒంటిది. ఎవురికి చెప్పాల, ఎప్పుడు చెప్పాల, నేను కదా చూసుకోవాల్సింది?"

జయంతి మెట్టు మీదే కూర్చుండిపోయింది.

జ్ఞానాంబ కుట్టుమిషను దగ్గర నుంచే మాట్లాడింది. ఎవరినీ నిందించే గొంతు కాదది. "పాప చెప్పేది నిజమే అక్కా. నా సంగతీ అంతే. పెళ్ళికి ముందు అమ్మానాయన దాచినారు. పెళ్ళైనాక వాళ్ళు వీధిలో అరిచినారు. తర్వాత మీరంతా మళ్ళా దాచినారు, నన్నే లోపల పెట్టి. ఇన్నేళ్ళలో నా జబ్బు గురించి నన్ను అడిగింది ఈ పాపొక్కటే. మొన్నడిగింది. అదొచ్చే ముందు ఎట్లుంటాది చిన్నమ్మా అని. చెప్పేదానికి నాకు మాటలే దొరకలేదు. ఎవురూ అడగలేదు కదా, అలవాటు లేదు."

జయంతి చెల్లెలి వైపు చూసింది. ఇన్నేళ్ళూ ఆ చెల్లెలి బతుకును తలుచుకొని తలుచుకొనే కూతురిని కాపాడుకున్నాననుకుంది. ఆ బతుకు అలా కావడంలో తన చెయ్యి కూడా ఉందని ఒక్కనాడూ అనుకోలేదు. వోణీల ఫంక్షన్ పత్రికలు పంచడానికి ఇదే వీధిలోకి వచ్చి, ఈ ఇంటి ముందు తల తిప్పుకొని పోయిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు కిటికీలోంచి జ్ఞానాంబ చూసిందో లేదో ఆమెకు తెలియదు. ఇప్పుడు అడిగే ధైర్యం కూడా లేదు. మోకాళ్ళ మీద తల పెట్టుకొని ఏడ్చింది. ఎవరూ దగ్గరికి రాలేదు, ఎవరూ పొమ్మనలేదు.

చాలాసేపటికి భాను వచ్చి రెండు మెట్ల పైన కూర్చుంది.

"వచ్చే నెల హైదరాబాదు పోతా ఉండా," అంది. "డిస్పాచర్ కోర్సు. విమానం ఏ దారిలో పోవాల, వాతావరణం ఎట్లుండాది, ఎంత ఇంధనం పోసుకోవాలని లెక్కలేసి పైలట్లకు రాసిచ్చే పని. దానికి ఈ మెడికల్ లేదు. నేను రాసిన పేపర్లు కొన్ని పనికొస్తాయి."

"నీకు ఇష్టమేనా పాపా?"

"ఇష్టం కాదు. చేతనైంది." భాను వీధిలోకి చూస్తూ చెప్పింది. "రోజూ వేరేవాళ్ళకు దారి రాసిచ్చి పంపాల. ఎట్లుంటాదో చూడాల."

ఏదో ఒకటి చెప్పి సర్దిపుచ్చే నోరు జయంతిది. ఈసారి ఎన్నడూ అడగనిది అడిగింది.

"రేణిగుంటలో అందరూ అడుగుతా ఉండారు, ట్రైనింగుకు ఎప్పుడు పోతాదని. నేనేం చెప్పాల?"

భాను తల తిప్పి చూసింది. కళ్ళలో కోపం ఇంకా అలాగే ఉంది. దాని అడుగున ఏదో కొంచెం కదిలింది.

"తెలీదమ్మా. ఆలోచించి చెప్తా. అంతవరకూ ఎవురికీ ఏమీ చెప్పొద్దు."

"సరే," అంది జయంతి.

భాను లేచి లోపలికి పోయింది. కాసేపటికి లోపల కంచాలు పెడుతున్న చప్పుడు, జ్ఞానాంబ ఏదో అడగడం, భాను జవాబివ్వడం వినిపించాయి. జయంతి కొంగుతో మొహం తుడుచుకుంది. లేచి లోపలికి పోవచ్చో లేదో తెలియక, పిలుపు కోసం ఎదురుచూస్తూ ఆ మెట్టు మీదే కూర్చుంది.

"అక్కా," అని పిలిచింది జ్ఞానాంబ. "కాళ్ళు కడుక్కొని రా. పాప నీకూ పెట్టింది."